స్టవ్ ఆర్పేశామని చెప్పాను

ఆయన పోయిన సంగతి నాకు మదనపల్లె బస్టాండులో తెలిసింది. పుంగనూరు లారీ షెడ్డులో ఒకప్పుడు ఆయన పక్కన పనిచేసిన పెయింటరు ఒకతను నన్ను గుర్తుపట్టి, తలకు చుట్టుకున్న తువ్వాలు విప్పుకుంటూ, "మీ సాయిబు పోయినాడు గదా అయ్యోరా, కుప్పంలో. నలభై దినాలు గూడా అయిపాయె" అన్నాడు. నాకు ఎప్పుడో తెలిసే ఉంటుందనుకున్నాడు పాపం. "మీ సాయిబు" అన్నాడు. ఆ "మీ" అన్న మాటకు నేను తలెత్తలేకపోయాను. అతను ఎత్తిపొడుపుగా అనలేదు. ఆయన నా మనిషని ఆ షెడ్డులో ఒక కాలంలో అందరూ అనుకునేవాళ్ళు.

ఆయన పేరు ఇక్కడ రాయను. ఆ పేరు చెడగొట్టినవాణ్ణి నేనే. మళ్ళీ ఎత్తుకోవడానికి మనసు రావడం లేదు. ఉన్నన్నాళ్ళు భాయ్ అని పిలిచాను, ఇక్కడా అట్లాగే అంటాను.

భాయ్ లారీలకు రంగు కొట్టేవాడు. రంగు చిమ్మే గన్నుకు గాలినిచ్చే మోటారు పక్కన ఇరవయ్యేళ్ళు నిలబడి నిలబడి చెవులు మొద్దుబారిపోయాయి. అందుకని ఏది చెప్పినా అరిచి చెప్పేవాడు. హోటల్లో ఒక టీ చెబితే వీధికి అవతల ఉన్నవాళ్ళు తిరిగి చూసేవాళ్ళు. "మా ఇంట్లో గుట్టు అనేది లేదు అయ్యోరా. నేను పెండ్లాంతో మాట్లాడితే ఊరికంతా తెలిసిపోతాది" అని ఆయనే నవ్వేవాడు, ఆ నవ్వు కూడా షెడ్డు దాటి వినిపించేది.

మాట్లాడేటప్పుడు ఆయన కుడి మణికట్టు ఊరికే ఉండేది కాదు. కూతురి పెళ్ళి సంగతి చెబుతున్నా, వాన పడలేదని చెబుతున్నా ఆ చెయ్యి గాలిలో ఎడమ నుంచి కుడికి, కుడి నుంచి ఎడమకు ఒకే ఎత్తులో పోయి వస్తుండేది. చివరికి పోయేసరికి చూపుడువేలు కొంచెం సడలేది. గన్ను లేకపోయినా గన్ను పట్టుకున్నట్టే. నిజంగా గన్ను పట్టుకున్నప్పుడు మాత్రం మాట ఉండదు. ఊపిరి కూడా ఉండదు. లారీ తలుపు ఈ అంచు నుంచి ఆ అంచుకు చెయ్యి చేరేదాకా ఊపిరి బిగబట్టేవాడు. చేరాక వదిలేవాడు. "ఊపిరి తీస్తే చెయ్యి ఎగురుతాది. చెయ్యి ఎగిరితే రంగు కారతాది" అనేవాడు. రంగు కొట్టడం అనేవాడు కాదు, రంగు పండబెట్టడం అనేవాడు, పసిబిడ్డను పండబెట్టినట్టు.

లారీలకు రంగేసే మనిషితో హైస్కూలు క్రాఫ్టు మేష్టరుకు ఏం పని అంటే, అది నా గిటార్ల పిచ్చి వల్ల వచ్చింది. డెబ్బైల మధ్యలో ఒక చర్చివాళ్ళు మెడ విరిగిన గిటారు ఒకటి బాగుచెయ్యమని నా దగ్గరకు పంపారు. దాని లోపలి కట్టడం చూశాక నాకు నిద్ర పట్టలేదు. ఆరు నెలల్లో నేనే ఒకటి చేశాను. పైపలకకు ప్యాకింగు పెట్టెల దేవదారు, ఒంటికి పనస. చెక్క పని నాకు వచ్చు కాబట్టి ఆకారం కుదిరింది. మెరుపు కుదరలేదు. బ్రష్షుతో వార్నీషు పూస్తే గీతలు తేలి, దుమ్ము అంటి, వారమైనా జిగట పోలేదు. దోమల మందు కొట్టే పంపుతో కొట్టి చూశాను. గిటారుకు ఆటలమ్మ పోసినట్టు పొక్కులొచ్చాయి. టమోటా తోటకు మందు కొట్టే ఇత్తడి పంపు ఒకటి అడిగి తెచ్చాను. అది కొట్టలేదు, కుమ్మరించింది. ఆ గిటారునే గోనెసంచిలో చుట్టుకుని, ఎవరో చెబితే, పుంగనూరు షెడ్డుకు పోయాను.

భాయ్ దాన్ని సంచిలోంచి తీసి అటూ ఇటూ తిప్పాడు. తర్వాత వెనకపలకకు తన దవడ ఆనించి, పైన వేలి మెటికతో కొట్టాడు. చెవులు సరిగా వినపడవు కాబట్టి ఎముకతో వినేవాడు. ఆ తర్వాత ఎన్ని గిటార్లు తీసుకుపోయినా మొదట దవడే ఆనించేవాడు.

"ఇంత రంగు తాగించినాక ఇంగ యాడ పాడతాది అయ్యోరా?" అని అరిచాడు. షెడ్డంతా నవ్వింది. "లారీ వానలో నిలబడాల, దానికి దుప్పటి కప్పాల. ఇది పాడాల. దీనికి పలచని పంచె సాలు."

మొత్తం గీకి తెమ్మన్నాడు. గీకి తీసుకుపోయాను. నేల మీద నీళ్ళు చల్లి దుమ్ము అణిచాడు. ముందు పాత పేపరు మీద ఒకసారి కొట్టి, ఆ మచ్చ ఆకారం చూసి, గన్ను మర ఒక పావు తిప్పి, మళ్ళీ కొట్టి చూశాడు. "ముందు పేపర్ని అడగాల" అన్నాడు. తర్వాత ఊపిరి బిగబట్టాడు. నా పనసచెక్క తేనెరంగులోకి తిరిగింది. ఆ పూట నేను పిల్లవాడిలాగా ఆయన చెయ్యి పట్టుకున్నాను.

రెండేళ్ళు అట్లా నడిచింది. ఆదివారం ఆదివారం గిటారు తీసుకుని పుంగనూరు బస్సెక్కేవాణ్ణి. తంటా ఏమిటంటే తిరిగి వచ్చేటప్పుడు రంగు ఇంకా పచ్చిగానే ఉండేది. సంచి అచ్చు పడేది, ఎర్రదుమ్ము అంటేది. ఇక ఇంట్లోనే కొట్టుకుంటాను, ఏ సామాను కొనమంటావు అని భాయ్‌నే అడిగాను.

ఆయన తన దగ్గరున్న రెండు గన్నులూ ముందు పెట్టాడు. ఒకటి పెద్దది, రంగు డబ్బా కింద వేలాడేది. రెండోది చిన్నది, డబ్బా పైన ఉండేది.

"పెద్దది నీకు వొద్దు. అది గాలి తాగతాది, రంగు తాగతాది. చిన్నది తీసుకో. గాలికి మోటారు గూడా వొద్దు" అన్నాడు. "లారీ స్టెప్నీ ఒకటి తీసుకో. పంచరు అంగట్లో గట్టిగా గాలి కొట్టించుకో. దానికి గొట్టం బిగించి గన్నుకు పెట్టు. ఒక చక్రం గాలికి ఒక పూత వస్తాది. కరెంటు లేదు, మోటారు లేదు, నిప్పురవ్వ లేదు. ఇంట్లో మాత్రం కొట్టొద్దు. పెరట్లో నాలుగు కట్టెలు పాతి గోనెపట్టలు కట్టు. ఈ రంగు గాలి పెట్రోలు మాదిరి. పొయ్యి ఎంత దూరం ఉన్నా ఎతుక్కుంటా పోతాది."

ఇంతకంటే మంచి సలహా ఎవరూ చెప్పలేరని ఇప్పుడు తెలుసు. అప్పుడు నాకు సిగ్గేసింది. హైస్కూలు అయ్యవారు లారీ టైరు దొర్లించుకుంటూ పంచరు అంగటికి పోవడం, దారిలో నా పిల్లకాయలు నిలబడి చూడటం, ఇదంతా ఊహించుకుని ముడుచుకుపోయాను. బెంగళూరులో ఒక చోట పాత గాలి మోటారూ పెద్ద గన్నూ చూసివచ్చాను. వాటినే తెప్పించాను. భాయ్‌కి చెప్పలేదు.

మదనపల్లెలో మేము అద్దెకుండిన ఇల్లు రిటైరైన తాసిల్దారు గారిది. ముందు భాగంలో ఆయన, వెనక మేము. చెక్కపని చేసుకో, రంగుల పని మాత్రం ఇంట్లో పెట్టవద్దని ఆయన మొదటే చెప్పారు, నేను సరేనన్నాను. మోటారు తెచ్చి వెనక పంచలో గోనెపట్ట కప్పి దాచాను. పంచకూ వంటింటికీ మధ్య ఒక్క గోడ, ఆ గోడకు ఒక కిటికీ.

డిసెంబరు నెల. కుప్పంలోని ఒక పాస్టరు గారికి క్రిస్మస్ పాటలకు గిటారు ఇస్తానని ఒప్పుకున్నాను. నేను కొట్టిన మొదటి పూత నారింజ తొక్కలాగా గరుకు తేలింది. గడువు వారం కూడా లేదు. చివరికి భాయ్‌కి కబురుపెట్టాను. ఆదివారం మొదటి బస్సుకే వచ్చాడు, తన చిన్న గన్ను తువ్వాల్లో చుట్టుకుని.

పంచలోకి వచ్చి మోటారు చూశాడు. గోడ చూశాడు, కిటికీ చూశాడు.

"నక్కో అయ్యోరా. ఈడ వొద్దు. ఆ పక్క పొయ్యి ఉండాది."

"బయట మంచు పడుతోంది భాయ్. మంచులో కొడితే పాలు పోసినట్టు తెల్లబడుతుందని నువ్వే చెప్పావు కదా."

"పొద్దెక్కనీ. పదకొండు గంటలకు కొడదాం, పెరట్లో."

పదకొండు గంటలకు తాసిల్దారు గారు వచ్చేస్తారు. అంగళ్లులో ఏదో ముహూర్తానికి పోయారు. ఆయన వచ్చేలోపల కొట్టి, ఆరబెట్టి, అంతా సర్దేయాలని నా తొందర. ఆ మాట భాయ్‌కి చెప్పలేకపోయాను. వెంటనే కావాలని పట్టుబట్టాను.

"స్టవ్ ఆర్పినారా?" అన్నాడు.

"ఆర్పేశాం" అన్నాను.

అంతకు గంట ముందు నా భార్య కిరసనాయిలు స్టవ్ మీద అనపగింజలు పెట్టడం నేను చూశాను. ఆర్పిందో లేదో చూడాలంటే నాలుగు అడుగులు వేసి వంటింట్లోకి తొంగి చూడాలి. వెయ్యలేదు. చెయ్యి చాపి కిటికీ రెక్క మూశాను, అంతే. ఆయన నా ముఖం ఒకసారి చూసి, నేల మీద నీళ్ళు చల్లడం మొదలుపెట్టాడు.

రెండు పూతలు పడ్డాయి. మూడో పూతలో, ఆయన ఊపిరి బిగబట్టి ఉన్నప్పుడు, కిటికీ రెక్క సందులోంచి నీలంగా ఒక మంట లోపలికి వచ్చింది. ఆయన చూపు గిటారు మీదే ఉంది, అది వంటింటి వైపు నుంచి రావడం నేను మాత్రం స్పష్టంగా చూశాను. తర్వాత బుస్సుమన్న చప్పుడు, వేడి. భాయ్ నన్ను ఒక్క తోపు తోస్తే పెరట్లో పడ్డాను. ఆయన కూడా బయటికి రావచ్చు. రాలేదు. పంచలో రంగు పలచబరిచే థిన్నరు డబ్బా మూతి అంటుకుని ఉంది. అది పేలితే ఇల్లంతా పోయేది. దాన్ని కుడిచేత్తో పట్టుకుని, ఒంటికి దూరంగా చాపి, నడిచి వచ్చి, బావి పక్కన ఇసుకలో బోర్లించాడు. తడి గోనెపట్టలతో మిగతా మంట ఆర్పింది కూడా ఆయనే. నీళ్ళకు బావి దగ్గరకు వచ్చిన నా భార్య అక్కడే బిందె పట్టుకుని బిగుసుకుపోయింది. ఆమెకు ఏమీ కాలేదు.

తాసిల్దారు గారు అనుకున్నదానికంటే ముందే వచ్చారు. పొగ చూసి వీధివాళ్ళు పది పదిహేనుమంది చేరి ఉన్నారు. గోడ నల్లబడింది, కిటికీ కాలిపోయింది. భాయ్ బావి గట్టు మీద కూర్చుని చెయ్యి బకెట్టు నీళ్ళలో పెట్టుకుని ఉన్నాడు.

"ఏమయ్యా మేష్టరూ, ఎట్లా అంటుకునింది ఇది?"

రంగుపని ఇంట్లో పెట్టనన్న నా మాట, ఇల్లు, వీధిలో నా మర్యాద, అన్నీ ఒక్కసారి కళ్ళముందు తిరిగాయి. "నాకు తెలీదు సార్. భాయ్ ఏమన్నా బీడీ..." అన్నాను. ఆ వాక్యం పూర్తి చెయ్యలేదు. చెయ్యాల్సిన పని కూడా లేకపోయింది.

"నేను బీడీ తాగను సామీ" అన్నాడు భాయ్. ఆయన అంత మెల్లగా మాట్లాడటం నేను వినడం అదే మొదటిసారి.

"తాగకపోతే నిప్పు యాడినుంచి వస్తాది? మీ పెయింటర్ల సంగతి నాకు తెలియదా?" అని తాసిల్దారు గారు అరిచారు.

భాయ్ నావైపు చూశాడు. నేను గోడవైపు చూశాను. నా భార్య నోరు తెరవబోయింది. ఆమెను కళ్ళతోనే వారించాను.

జట్కాలో ఆయన్ని ఆసుపత్రికి తీసుకుపోయాను. దారిలో ఒకే మాట అడిగాడు. "బీడీ మాట యాల అంటివి అయ్యోరా?"

"నోరు జారింది భాయ్. నేను చెప్పేస్తాను, రేపే చెప్పేస్తాను."

"సెప్పు మల్ల" అన్నాడు.

చెప్పలేదు. సాయిబు చేసిన పొరపాటు కదా అని తాసిల్దారు గారు నన్ను ఇల్లు ఖాళీ చెయ్యమనలేదు. ఆ రాత్రి నా భార్య ఆ మాడిన గింజల గిన్నె తోముతూ, "స్టవ్ మీద ఇవి ఉండాయని నీకు తెలుసు" అంది. అడగలేదు, చెప్పింది. ఆ తర్వాత ఆ సంగతి మా ఇద్దరి మధ్యా మళ్ళీ రాలేదు. రాకపోవడమే నాకు శిక్ష అనుకునేవాణ్ణి. అది శిక్షేమీ కాదు, నాకు అనుకూలంగా ఉండింది.

బీడీ మాట వారం తిరక్కముందే పుంగనూరు చేరింది. థిన్నరు డ్రమ్ములు నిలవుండే షెడ్డులో, గన్ను దగ్గర బీడీ ముట్టించే మనిషిని ఎవరు పెట్టుకుంటారు? షెడ్డు యజమాని రావద్దన్నాడు. చెయ్యి మానింది కానీ తోలు బిగుసుకుపోయి చూపుడువేలూ నడిమి వేలూ వంగలేదట. ఆయన కుప్పంలో ఉన్న కూతురి ఇంటికి పోయాడని విన్నాను. ఇవన్నీ విన్నవే. పుంగనూరు ముప్పై కిలోమీటర్లు కూడా లేదు, నేను పోలేదు. ఏ ఆదివారానికి ఆ ఆదివారం ఏదో ఒక పని తగిలించుకునేవాణ్ణి.

ఇంకొకటి కూడా చెప్పాలి. ఆ రోజు ఆయన చిన్న గన్ను మా ఇంట్లోనే ఉండిపోయింది. మోటారు అమ్మేశాను. ఇల్లు మారాను. స్టెప్నీ టైరు తెచ్చి, పెరట్లో గోనెపట్టలు కట్టి, ఆ గన్నుతోనే గిటార్లకు రంగు వేశాను. ఆయన చెప్పినట్టే ఒక చక్రం గాలికి ఒక పూత వచ్చింది. నా గిటార్ల మెరుపు చూసి ఎవరు నేర్పారని అడిగితే, సొంతంగా నేర్చుకున్నాను అనేవాణ్ణి.

నాలుగేళ్ళ తర్వాత పరీక్షల డ్యూటీ మీద కుప్పం పోయాను. సాయంత్రం నడుస్తుంటే కొత్తగా కడుతున్న ఇంటి ముందు నుంచి "అయ్యోరా!" అన్న కేక వినపడింది. తలుపు రెక్కలు ఇటుకల మీద పరుచుకుని, దూది ఉండతో లక్క పాలిష్ రుద్దుతున్నాడు. వేళ్ళు వంగని ఆ చెయ్యి దూది ఉండను అరచేత్తో నొక్కి పట్టుకుంది. నన్ను చూసి ఆయన ముఖం విప్పారింది. నేను పారిపోదామనుకున్నాను, ఆయన అప్పటికే టీ చెప్పేశాడు, వీధంతా వినిపించేట్టు.

"చిన్న గన్ను ఉండాదా?"

"ఉంది భాయ్. తెచ్చిస్తాను."

"నాకేటికి? ఈ చేత్తో యేం నొక్కుదును? నీ దగ్గరే ఉండనీ. టైరుతోనే కొడతాండావా?"

అవునన్నాను. సంతోషపడ్డాడు. టీ గ్లాసు ఎడమచేత్తో పట్టుకున్నాడు. తర్వాత దగ్గరికి జరిగి, తనకు చేతనైనంత మెల్లగా అడిగాడు.

"ఒక మాట సెప్పు అయ్యోరా. నాలుగేండ్లుగా ఇదే తలకాయలో తిరగతా ఉండాది. బీడీ సంగతి ఇడిసిపెట్టు, నీ ఇల్లు పోతాదని భయపడి అంటివి, నాకు తెలుసు. ఆ పొద్దు స్టవ్ నిజంగా ఆర్పినారా? ఆర్పింటే నిప్పు యాడినుంచి వచ్చిందో నాకు తెలియాల. ఇరవై ఏండ్లలో నా చేతిలో ఎప్పుడూ అంటుకోలేదు."

పనిమంతుడు అడిగిన ప్రశ్న అది. తన పనిలో తప్పు ఎక్కడ జరిగిందో తెలుసుకోవాలని అడిగాడు, నన్ను పట్టుకోవాలని కాదు. బీడీ మాటను అప్పటికే క్షమించేశాడు. అవును భాయ్, స్టవ్ వెలుగుతూనే ఉంది, నేను చూడకుండా చెప్పాను అని అంటే సరిపోయేది. చుట్టూ తాసిల్దారూ లేడు, వీధీ లేదు. పోయే ఇల్లు కూడా ఏదీ లేదు.

"ఆర్పే ఉంది భాయ్" అన్నాను.

ఆయన తల ఊపాడు. "అయితే మోటారే. బటన్ పడేటప్పుడు చిటుక్కుమని రవ్వ లేస్తాది. దూరం పెట్టియ్యాల్సింది నేను. గన్ను పట్టుకున్నోడే సూసుకోవాల" అన్నాడు. బిగుసుకుపోయిన ఆ చెయ్యి నా భుజం మీద వేశాడు. "నీ ఇల్లు కాల్చింది నేనే అయ్యోరా. మాఫ్ చెయ్యి. మనసులో పెట్టుకోవద్దు."

"పోనీలే భాయ్" అన్నాను.

నా జీవితంలో నేనన్న మాటల్లో ఆ ఒక్కదాన్ని వెనక్కి తీసుకోగలిగితే చాలనిపిస్తుంది. బీడీ మాట భయంతో అన్నాను. ఇది ఏ భయమూ లేకుండా, దయతలిచినవాడిలాగా అన్నాను.

బస్టాండులో చావుకబురు విన్నాక రెండు రోజులాగి కుప్పం పోయాను. రైల్వే స్టేషను వెనక ఆయన కూతురి ఇల్లు. ఆమె రోలు ముందు కూర్చుని దోసెలకు పిండి రుబ్బుతోంది. నేనెవరో చెప్పగానే లేచి కుర్చీ వేసింది.

"మీ గురించి మా అబ్బా శానా చెప్తా ఉండె. మీ ఇల్లు కాల్చినానని శానా బాధపడతా ఉండె సార్. మా ఆయన కరెంటు గ్రైండర్ తెస్తానంటే ఒప్పుకోలేదు. ఇంట్లో మోటారు వొద్దు, రవ్వ లేస్తాది అని కొట్లాడినాడు. ఇదో, ఇప్పటికీ ఈ రోలే."

ఆమె చేతులకు పిండి ఉంది. ఆ చేతులు చూస్తూ అంతా చెప్పాను. అనపగింజలు, నాలుగు అడుగులు, కిటికీ రెక్క, బీడీ, ఆ తర్వాత ఇదే ఊళ్ళో టీ తాగుతూ చెప్పిన రెండో అబద్ధం. అయ్యాక ఆమె చేతులకున్న పిండి రోలు అంచుకు తుడిచింది.

"బతికుండగా వచ్చి చెప్పలేకపోతివా?" అంది. మీరు పోయి నువ్వు వచ్చింది.

"ధైర్యం లేకపోయిందమ్మా."

"ఇప్పుడు నాకు చెప్తే యేం వస్తాది? పని మానిపించింది పుంగనూరు షెడ్డులో. ఆడికి పో. పదిమంది ఉండేటప్పుడు చెప్పు. చెప్పినాక నాకు ఒక కార్డు రాయి." వాకిట్లోకి వచ్చి బస్టాండుకు అడ్డదారి ఏదో చూపించింది.

నేరుగా పుంగనూరు పోయాను. షెడ్డులో ఒక లారీకి పచ్చరంగు పడుతోంది. యజమాని ముసలివాడైపోయాడు, కుర్చీలో కూర్చుని చూస్తున్నాడు. ఒక్క నిమిషం మోటారు ఆపించమని అడిగాను. ఆపారు. బస్టాండులో కలిసిన పెయింటరుతో సహా ఏడుగురున్నారు. నిలబడి చెప్పాను. స్టవ్ సంగతీ, బీడీ సంగతీ రెండూ.

ఎవరూ నన్ను తిట్టలేదు. యజమాని కళ్ళద్దాలు తీసి, తుడిచి, పెట్టుకున్నాడు.

"ఆయన బీడీ తాగడని నాకు తెలుసయ్యా" అన్నాడు. "పద్దెనిమిది ఏండ్లు నా కండ్ల ముందర పని చేసినాడు. ఒక్క పొద్దు తాగింది లేదు. అయినా మీరు అయ్యోరు గదా, అయ్యోరు అబద్ధం చెప్తాడా అనుకుంటి." పెయింటర్లవైపు తిరిగి, "మోటారు ఎయ్యండ్రా" అన్నాడు.

మోటారు లేచింది. ఇక ఏ మాటా వినపడలేదు. నేను బయటికి వచ్చాను.

పోస్టాఫీసు ముందే కూర్చుని కార్డు రాశాను. "చెప్పానమ్మా. ఏడుగురు ఉన్నప్పుడు, మోటారు ఆపించి చెప్పాను." అంతే రాశాను. క్షమించమని కూడా రాద్దామనుకున్నాను. ఆమె అడిగింది అది కాదు. కార్డు డబ్బాలో వేసి మదనపల్లె బస్సెక్కాను. ఆమె దగ్గరనుంచి జవాబేమీ రాలేదు.